రమ్మీ ఓపిక, మూడుముక్కల తెగువ, చిట్టాపద్దు లెక్క

బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా, నలుగురు తెలుగువాళ్లు కలిసి ఉండే ఏ ఫ్లాట్‌లోనైనా శనివారం రాత్రి పేకకట్ట బయటికొస్తే మూడు రకాల ఆటగాళ్లు తేలతారు. ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని పదమూడు ముక్కల రమ్మీ పట్టుబడ్డవాళ్లు ఒక రకం. పండగలకీ పెళ్లి విడిదిళ్లలోనూ మూడుముక్కలాటలో చేతులు కాల్చుకున్నవాళ్లు ఇంకో రకం. పేకతో పెద్ద పరిచయం లేకపోయినా శాతాలు నోటిమీద ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లు మూడో రకం. టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆట (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు, వీటిలోంచి మేలైన ఐదు ఎవరివైతే వాళ్లదే గెలుపు) నియమాలు ముగ్గురికీ పది నిమిషాల్లో వచ్చేస్తాయి. చిప్స్ (పందెంగా పెట్టే బిళ్లలు) మాత్రం ఎవరి దారిలో వాళ్లు పోగొట్టుకుంటారు.

రమ్మీ వాళ్లు ఓపిగ్గా కూర్చుంటారు కానీ ఎదురు తిరగాల్సిన చోట వెనక్కి తగ్గుతారు. మూడుముక్కల వాళ్లకి వెనక్కి తగ్గడమే తెలియదు. లెక్కల వాళ్లు తమ ముక్కల శాతం ఠక్కున చెప్పేస్తారు, ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడో మాత్రం గమనించరు. పోకర్‌లో ఈ నైపుణ్యాలు ఒకదానితో ఒకటి కూడికలా కలవవు, గుణకారంలా కలుస్తాయి. ఒకటి నూటికి తొంభై ఉండి ఇంకొకటి సున్నా అయితే చేతికొచ్చేది సున్నాయే. అందుకని మీకు ఇప్పటికే వచ్చినదానికి పదును పెట్టడం కంటే రానిదాన్ని ముప్పైకో నలభైకో తీసుకురావడం లాభం.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యం ఉన్న ఆటా లేని ఆటా అని తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. కింద చెప్పేదంతా ఇంట్లో ఊరికే చిప్స్‌తో ఆడే ఆట గురించి. చిప్స్ పెట్టె లేకపోతే చింతపిక్కలు కూడా పనికొస్తాయి.

రమ్మీకీ మూడుముక్కలాటకీ ఉన్న తేడా మీద మన దగ్గర పాత తీర్పు ఒకటి ఉంది. 1967 నవంబరులో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం ఉందంది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అని కారణం చెప్పింది. మూడుముక్కలాటని మాత్రం పూర్తిగా అదృష్టమేనంది. రెండో మాట మూడుముక్కల వీరులకి కాస్త అన్యాయమే. పంపకం అదృష్టమే కావచ్చు, పోకర్‌కి కావలసిన తెగువ అలవడేది ఆ ఆటలోనే.

ముందు మరిచిపోవలసినవి

మూడుముక్కల్లో సీక్వెన్స్ (వరస ముక్కలు) కలర్‌ని (ఒకే రంగు, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ కళావర్లో అయిన ముక్కల్ని) కొడుతుంది. పోకర్‌లో తిరగబడుతుంది: ఫ్లష్, అంటే ఐదూ ఒకే రంగు, స్ట్రెయిట్‌ని, అంటే వరసగా ఉన్న ఐదింటిని, కొడుతుంది. కారణం ఎన్ని రకాలుగా పడతాయన్న లెక్కే. మూడేసి ముక్కలు 22,100 రకాలుగా పడితే అందులో మామూలు సీక్వెన్స్‌లు 720, కలర్‌లు 1,096. సీక్వెన్స్ అరుదు కాబట్టి పెద్దది. ఐదేసి ముక్కలకొచ్చేసరికి స్ట్రెయిట్‌లు 10,200, ఫ్లష్‌లు 5,108. ఇక్కడ ఫ్లష్ అరుదు. ఇది గుర్తులేక స్ట్రెయిట్ పట్టుకుని మొత్తం చిప్స్ తోసేసేవాళ్లు ప్రతి కొత్త టేబుల్‌లో ఒకరైనా ఉంటారు.

బ్లైండ్ అన్న మాట కూడా మారిపోతుంది. మూడుముక్కల్లో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా సగం పందెంతో ఆడడం. అదొక ఎత్తు. పోకర్‌లో బ్లైండ్ అంటే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే చందా. అందులో సాహసం ఏమీ లేదు. 'ఇప్పటికే పది పెట్టాను కదా' అని ఆ పదిని కాపాడుకోవడానికి చెత్త ముక్కలతో ముప్పై కట్టడం మూడుముక్కల వాళ్లకి పాత జబ్బు.

రమ్మీ వాళ్లు వదలాల్సింది చేతిలో ముక్కలు సర్దడం. ఇక్కడ ఉండేవి రెండే. ఒకసారి చూసి, గుర్తు పెట్టుకుని, బోర్లా పెట్టేయాలి. టేబుల్ మీద మూడో ఇస్పేటు పడగానే చేతిలో ముక్కల్ని మళ్లీ ఎత్తి చూసుకున్నాడంటే అతని దగ్గర సాధారణంగా రెండు ఇస్పేట్లు లేనట్టే. రెండూ ఒకే రంగైతే ఎవరికైనా గుర్తుంటుంది. ఒకటి ఎరుపూ ఒకటి నలుపూ అయినప్పుడే నల్లది ఇస్పేటా కళావరా అన్న అనుమానం వస్తుంది.

పారేయడం

రమ్మీలో డ్రాప్, అంటే ముక్కలు పారేసి ఆట వదిలేయడం, ఎందుకు పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, ఇరుక్కుంటే ఫుల్ కౌంట్ 80. చెడ్డ ముక్కలతో ఎంత ఆలస్యంగా లేస్తే అంత నష్టం. పోకర్‌లో ఈ వరస ఇంకా నిటారుగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి వీధికీ (టేబుల్ మీద ముక్కలు తిప్పే ప్రతి విడతకీ) పందెం పాట్‌తో (మధ్యలో పోగయ్యే చిప్స్‌తో) పాటు పెరుగుతుంది. టేబుల్ మీద మొదట కలిసి పడే మూడు ముక్కలు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. మొదట్లో ముప్పైకి కాల్ చేసినవాడు (ఎదుటివాడి పందెమంత తానూ కట్టినవాడు) రివర్‌కి వచ్చేసరికి మూడువందల ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఏ ముక్కలతో దిగాలన్నది మీరు కూర్చున్న చోటుని బట్టి ఉంటుంది. ఆరుగురు ఆడేటప్పుడు బిగ్ బ్లైండ్ (ఆ రెండు చందాల్లో పెద్దది) పెట్టినవాడి పక్కన కూర్చుని మొదట మాట్లాడాల్సినవారు అన్ని జతలూ, ఒకే రంగులో ఆసు-పది నుంచి పైవి, రంగు కలవకపోతే ఆసు-జాకీ నుంచి పైవి, ఒకే రంగు రాజు-రాణి, రాజు-జాకీ, రాణి-జాకీ, రంగు కలవని రాజు-రాణి, వీటితో ఆగిపోవడం మంచిది. రెండేసి ముక్కలు పడే 1,326 రకాల్లో ఇవి 154, సుమారు 12 శాతం. ఎనిమిది తొమ్మిది పంపకాలకి ఒకసారన్నమాట. ఆరితేరినవాళ్లు ఇంతకంటే విరివిగా ఆడతారు, కొత్తలో మాత్రం బిగువే మేలు.

బటన్ మీద, అంటే ఫ్లాప్ తరువాత అందరికంటే చివర మాట్లాడే చోట (ఇది పంపకానికో కుర్చీ జరుగుతుంది), ఇదే జాబితాకి ఆసుతో కలిసిన ఒకే రంగు ముక్కలన్నీ, పది నుంచి పైన ఏ రెండైనా, 5-4 నుంచి 10-9 దాకా ఒకే రంగులో వరస ముక్కలూ కలపొచ్చు. 294 రకాలవుతాయి, 22 శాతం. ముక్కలు మారలేదు, కుర్చీ మారింది, జాబితా దాదాపు రెట్టింపయింది. చివర మాట్లాడేవాడు ముందు అందరూ ఏం చేశారో చూసి తీర్మానించుకుంటాడు. అదే మొదట మాట్లాడేవాడైతే చీకట్లో మెట్టు దిగుతున్నట్టు దిగాలి.

చిన్న జతల మీద ఒక హెచ్చరిక. రెండ్ల జత నుంచి ఆర్ల జత దాకా మూడో ముక్క ఫ్లాప్‌లో తగిలేది 12 శాతం సార్లే, అంటే ఎనిమిదిన్నరకి ఒకటి. ఎదుటివాడి దగ్గర మీరు కాల్ చేసే మొత్తానికి కనీసం పదిహేను రెట్లు చిప్స్ ఉంటేనే ఈ వేట గిట్టుబాటవుతుంది. తగలకపోతే ఒక్క చిప్ కూడా వేయకుండా లేవాలి. లేవలేనివాళ్లు చిన్న జతలు ఆడకపోవడమే నయం.

లెక్క

ఈ భాగం అందరూ భయపడేదే కానీ అన్నిటికంటే తేలిక. మిమ్మల్ని గెలిపించే ముక్కలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఒక ముక్క రావలసి ఉంటే రెండుతో, రెండు ముక్కలు రావలసి ఉంటే నాలుగుతో గుణిస్తే శాతం సుమారుగా వచ్చేస్తుంది. ఫ్లష్‌కి ఒక ముక్క తక్కువైతే 9 మిగులుతాయి: తరువాతి ముక్కకి 19 శాతం, రెండూ కలిపి 35. రెండు పక్కలా తెరిచిన స్ట్రెయిట్‌కి (6-7-8-9 లాంటిది) 8: 17, 31. మధ్యలో పన్ను ఊడిన స్ట్రెయిట్‌కి (6-7-9-10 లాంటిది) 4 మాత్రమే: తరువాతి ముక్కకి 9 శాతం కూడా దాటదు. దానికోసం చిప్స్ కట్టడాన్ని లాటరీ టికెట్ కొనడం అనుకోవచ్చు, లాటరీ ఇంతకంటే చవక.

ఎక్కువమంది పప్పులో కాలేసేది నాలుగుతో గుణించే చోట. ఆ 35 శాతం రివర్ దాకా మళ్లీ పైసా కట్టక్కర్లేనప్పుడు, అంటే ఎవరో ఒకరు ఆల్ ఇన్ అయినప్పుడు (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేసినప్పుడు), వర్తిస్తుంది. టర్న్‌లో ఎదుటివాడు మళ్లీ బెట్ కొడతాడనుకుంటే మీ దగ్గరున్నది 19 శాతమే.

కట్టాల్సినదానికి ఎంత శాతం గెలుపు కావాలో ఇలా చూడండి: కట్టేదాన్ని, మీరు కట్టాక అయ్యే మొత్తం పాట్‌తో భాగించాలి. పాట్‌లో మూడో వంతు బెట్ వస్తే 20 శాతం కావాలి. సగానికి 25. మూడింట రెండొంతులకి 28 పైచిలుకు. పాట్ అంతకి 33. ఈ నాలుగూ ఎక్కాల్లా నోటికి రావాలి. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా మెట్రో పర్పుల్ లైన్‌లో నిలబడి వెళ్తూ రోజుకి ఇరవై లెక్కలు చేస్తే రెండు వారాల్లో వచ్చేస్తాయి.

ఒక హ్యాండ్, అంటే ఒక పంపకం, దగ్గరగా

బ్లైండ్లు 5, 10. అందరి ముందూ వెయ్యేసి చిప్స్. బటన్ మీద మీరు, చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. మీ కుడి పక్కాయన 30కి రైజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. మీరు కాల్. బ్లైండ్లు రెండూ పారేశాయి. పాట్ 75.

ఫ్లాప్: ఇస్పేటు రాజు, ఇస్పేటు ఏడు, డైమన్ మూడు. ఆయన 50 కొట్టాడు. మీరు 50 కట్టారు. పాట్ 175. టర్న్‌లో కళావరు రెండు, ఎవరికీ అక్కరకి రాని ముక్క. ఆయన 120 ముందుకి తోశాడు.

ఇప్పుడు పాట్‌లో 295 ఉంది. 120 కడితే మొత్తం 415, కావలసింది 29 శాతం. కనపడని 46 ముక్కల్లో 9 ఇస్పేట్లు, 19.6 శాతం. లెక్క పారేయమంటోంది. కానీ ఇస్పేటు తగిలితే మీది అన్నిటికంటే పెద్ద ఫ్లష్, టేబుల్ మీద జత పడనంత వరకు దాన్ని కొట్టేది లేదు. అప్పుడు ఆయన ఇంకొంత కడితే? ఎంత కట్టాలో కూడా తేల్చొచ్చు: 37 సార్లు 120 పోతుంది, 9 సార్లు 295 ప్లస్ ఆ అదనం వస్తుంది. రెండూ సరితూగాలంటే అదనం సగటున 198 ఉండాలి. ఆయన ముందు ఇంకా 800 ఉన్నాయి.

మూడు ఆసులు కూడా మీ ఖాతాలో వేసుకోవచ్చా? ఆయన దగ్గర రాజు-రాణి, రాజు-జాకీ ఉంటే ఆసు మిమ్మల్ని గెలిపిస్తుంది. అవి 12, 12 రకాలు. ఆసు-రాజు అయితే గెలిపించదు. మీ చేతిలో ఒక ఆసూ, టేబుల్ మీద ఒక రాజూ పోయాయి కాబట్టి అది 9 రకాలే. ఆసుల జత 3 రకాలు. టేబుల్ మీదున్నదానితో కలిసి మూడయ్యే జతల్లో రాజులు 3, ఏడులు 3, మూడులు 3 రకాలు. కాబట్టి ఆ మూడు ఆసుల్ని సగం ధరకి లెక్కేసి పదిన్నర ముక్కలనుకుంటే, కావలసిన అదనం 111కి దిగుతుంది. మధ్యలో ఎక్కడో ఉందనుకుందాం.

ఇక్కడితో లెక్క పని అయిపోయింది. ఆ 111, 198 వస్తాయా రావా అన్నది ముక్కల ప్రశ్న కాదు, ఆ మనిషి ప్రశ్న. ఆయన రమ్మీ మనిషై, మూడో ఇస్పేటు పడగానే 'వచ్చేసింది కదా బావా' అని నవ్వి ముక్కలు పారేసే రకమైతే, అదనం రాదు, ఇప్పుడే పారేయాలి. మూడుముక్కల మనిషై, జత రాజు చేతికొస్తే చూడకుండా వదలని రకమైతే, కాల్ చేసి ఇస్పేటు తగిలిన రోజు 200 పైన కొట్టాలి. మూడో దారీ ఉంది. ఒత్తిడికి లొంగేవాడైతే ఇప్పుడే 360కి రైజ్. ముక్కలు ఏవీ లేకుండా చేసే బ్లఫ్ అయితే 55 శాతం సార్లు ఆయన పారేస్తేనే గిట్టుబాటు. తగిలే అవకాశం మీకు 19.6 శాతం ఉంది కాబట్టి 39 శాతం సార్లు పారేసినా నష్టం లేదు.

ఒకే ముక్కలకి ఒకే చోట మూడు సరైన జవాబులు. ఏది సరైనదో తెలియాలంటే గత రెండు గంటలు ఆయన్ని చూస్తూ ఉండాలి, ఫోన్‌ని కాదు.

మనిషిని చదవడం

కళ్లలోకి చూసి బ్లఫ్ పట్టేయడం సినిమా పని. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారు చేసిన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు పేరుమోసిన ఆటగాళ్లతో, ఒక్కొక్కరితో విడివిడిగా, మొత్తం 1,20,000 హ్యాండ్‌లు ఆడి గెలిచింది. దానికి ఒక్కరి ముఖం కూడా కనిపించలేదు. చూసింది పందేలే. మనిషి ముఖం అబద్ధమాడొచ్చు, చేతులు కొంచెం తక్కువ ఆడతాయి, పందేలు వరసగా చూస్తే ఇంకా తక్కువ.

కాబట్టి గమనించే క్రమం ఇలా ఉండాలి. మొదటి గంటలో ఒక్కొక్కరి గురించి రెండే ప్రశ్నలు: పది హ్యాండ్‌లలో ఎన్నిటికి చిప్స్ వేశాడు, అందులో ఎన్నిసార్లు తానుగా రైజ్ చేశాడు. ఏడింటికి వేసి ఒక్కటీ రైజ్ చేయనివాడిది రమ్మీ చేయి కాదు, మొహమాటం చేయి. అతని మీద బ్లఫ్ పనిచేయదు, మంచి ముక్కలొస్తే కాస్త పెద్ద బెట్టే కొట్టాలి. రెండింటికే వేసి రెండూ రైజ్ చేసినవాడు మూడోసారి రైజ్ చేస్తే జత పదులు కూడా పారేయొచ్చు.

తరువాత బెట్ పరిమాణం. ఇంటి ఆటల్లో అందరూ దొరికిపోయేది ఇక్కడే. గట్టి ముక్కలొస్తే పాట్ అంత, పీలగా ఉంటే నాలుగో వంతు. మీరు కూడా ఇదే చేస్తున్నారేమో చూసుకోండి. నివారణ తేలిక: బలంగా ఉన్నా లేకపోయినా ఫ్లాప్‌లో ఒకే కొలత, సగం పాట్ అనుకోండి, ఒక నెలపాటు దాటకండి.

ముక్కలు బయటపడ్డ ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూడడం అన్నిటికంటే విలువైన అలవాటు. ఆయన తిప్పింది జాకీల జత. మరి ఫ్లాప్‌లో ఎంత కొట్టాడు, టర్న్‌లో ఎందుకు ఆగాడు? మీరు ఆ హ్యాండ్‌లో లేకపోయినా ఈ పని చేయాలి. నిజానికి లేనప్పుడే బాగా కనిపిస్తుంది. పారేసినవాళ్లలో ఎక్కువమంది ఆ సమయంలో బిర్యానీ ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూస్తుంటారు, సిల్క్ బోర్డు కూడలి దాటిందో లేదో.

కబుర్లకి జవాబు చెప్పకండి. 'ఏంటి మామా, ఇస్పేటు తగిలిందా' అని అడిగేది సమాధానం కోసం కాదు, మీ గొంతు కోసం. ప్రతిసారీ ఒకేలా నవ్వేసి ఊరుకుంటే సరిపోతుంది.

తెగువ

బ్లఫ్ ధైర్యానికి పరీక్ష అనుకుంటే చిప్స్ పోతాయి. దానిదీ కొలతే. 300 పాట్‌కి 150 కొడితే ఎదుటివాడు మూడింట ఒకసారి పారేస్తే చాలు. 300 కొడితే రెండింట ఒకసారి పారేయాలి. అంటే చిన్న బ్లఫ్ తరచుగా ఓడినా తట్టుకుంటుంది.

కొలత కంటే ముఖ్యం కథ అతకడం. మీరు ఫ్లాప్‌లోనూ టర్న్‌లోనూ మెల్లగా కాల్ చేసి, రివర్‌లో మూడో ఇస్పేటు పడగానే పెద్ద బెట్ కొడితే ఎదుటివాడు ఫ్లష్ నమ్ముతాడు, ఎందుకంటే ఫ్లష్ కోసం చూసేవాడు సరిగ్గా అలాగే ఆడతాడు. అదే దారిలో వచ్చి రివర్‌లో పనికిమాలిన కళావరు నాలుగు పడితే విరుచుకుపడ్డారనుకోండి, ఏ ముక్కలతో అలా ఆడి ఉంటారని ఆయన ఆలోచిస్తే జవాబు దొరకదు, కాల్ చేసేస్తాడు. బెట్ పెట్టే ముందు మీరే ఆయన కుర్చీలో కూర్చుని అడగండి: నా చేతిలో ఏముందని చెప్తున్నాను? ఒక్క ముక్కల జతైనా పేరు పెట్టి చెప్పలేకపోతే చిప్స్ వెనక్కి తీసుకోండి.

ముగ్గురు నలుగురు ఉన్న పాట్‌లో బ్లఫ్ మానేయండి. ఒక్కొక్కరు సగం సార్లు పారేస్తారనుకున్నా ముగ్గురూ ఒకేసారి పారేసేది ఎనిమిదింట ఒకసారి.

తల వేడెక్కితే

ఆసుల జత 221 పంపకాలకి ఒకసారి వస్తుంది. అది వచ్చి, ఎదుటివాడి రాజుల జత మీద మొత్తం చిప్స్ పెట్టినా 18 శాతం సార్లు ఓడిపోతారు. ఇది జరుగుతుందని ముందే తెలిసి కూడా, జరిగిన తరువాతి అరగంటలో అసలు నష్టం జరుగుతుంది.

గుర్తులు ఇవి. వరసగా నాలుగు హ్యాండ్‌లు ఆడేస్తున్నారు. మూడు సెకన్లలోపే కాల్ అంటున్నారు. పోయిన హ్యాండ్ గురించి పక్కవాడికి రెండోసారి చెప్తున్నారు. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే లేచి బాల్కనీలోకి వెళ్లి బటన్ ఒక చుట్టు తిరిగేదాకా రావద్దు. రెండుసార్లు తెచ్చుకున్న చిప్స్ పూర్తిగా పోతే ఆ రాత్రికి ఆట చాలు. ఈ నియమం ఆట మొదలవక ముందే పక్కవాడికి చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఆ సమయంలో మీ మాట మీరే వినరు.

అదృష్టం ఎంతకాలం ఆడుకుంటుందో అంచనా ఉంటే తల కొంత చల్లబడుతుంది. వంద హ్యాండ్‌లకి సగటున 5 బిగ్ బ్లైండ్లు గెలిచే గట్టి ఆటగాణ్ని తీసుకోండి. వంద హ్యాండ్‌లకి ఊగిసలాట 90 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుందనుకుందాం, అది మామూలే. 10,000 హ్యాండ్‌ల తరువాత కూడా అతను నష్టంలో ఉండే అవకాశం 29 శాతం. చేత్తో పంచుకునే ఆటలో గంటకి 25 హ్యాండ్‌లు, రాత్రికి ఆరు గంటలు. అంటే 67 శనివారాలు. ఏడాది పైగా బాగా ఆడిన పది మందిలో ముగ్గురు ఇంకా ఓటమిలోనే ఉండొచ్చు. అందుకే ఈ శనివారం గెలిచారా ఓడారా అన్నదాన్ని బట్టి మీ ఆటకి మార్కులు వేసుకోకూడదు.

టేబుల్, కట్ట, పుస్తకం

మనిషికి వెయ్యి: ఐదువి ఇరవై, పాతికవి పన్నెండు, వందవి ఆరు. ఆరుగురికి 228 చిప్స్, మూడువందల పెట్టె సరిపోతుంది. కట్టలు రెండుంటే ఒకటి పంచేలోపు రెండోది కలపొచ్చు. రమ్మీ కట్ట తెచ్చుకుంటే జోకర్లు తీసేశారో లేదో చూసుకోండి. కాగితం ముక్కలు నాలుగు రాత్రులకే మూలలు మడతపడి, ఇస్పేటు ఆసుని వెనకనుంచే గుర్తుపట్టేలా తయారవుతాయి. ప్లాస్టిక్‌వి కొనండి. కట్టని రెండుగా చేసి గొలుసులా జారవిడిచి కలిపేటప్పుడు ఏడుసార్లు కలపాలి. రెండు మూడుసార్లతో ఆపితే పాత హ్యాండ్‌లో పక్కపక్కన పడ్డ ముక్కలు మళ్లీ పక్కపక్కనే వస్తాయి.

సాధనకి మనుషులు అక్కర్లేదు. రెండు ముక్కలు మీకు, మూడు టేబుల్ మీద వేసుకుని పది సెకన్లలో గెలిపించే ముక్కలు లెక్కపెట్టండి, తరువాతి ముక్క తిప్పి చూడండి. ఒక సాయంత్రం యాభైసార్లు. ఫ్లష్ కోసం చూసిన ఐదింట ఒకటే తగులుతుందని కళ్లతో చూస్తే, టేబుల్ దగ్గర 'ఈసారి పడుతుందిలే' అనే గొంతు కొంచెం తగ్గుతుంది.

ఆట రాత్రి వేళ సాగుతుంది కాబట్టి నిద్ర కూడా నైపుణ్యాల లెక్కలోదే. మొదటి మూడు గంటల్లో పారేసిన రకం ముక్కలతో నాలుగో గంటలో కాల్ చేస్తున్నట్టు గమనిస్తే అది తెగువ కాదు, అలసట.

చివరికి ఒక నోటుపుస్తకం. ఇంటికి వెళ్లగానే, పడుకునే ముందు, మూడే మూడు హ్యాండ్‌లు రాయాలి: గెలిచిన పెద్దది, ఓడిన పెద్దది, ఇప్పటికీ తేల్చుకోలేకపోయినది. ఒక్కోదానికి మూడు గళ్లు. మొదటి గడిలో ముక్కలూ పాట్ కొలతలూ. రెండో గడిలో ఆ క్షణంలో ఎదుటివాడి దగ్గర ఏముందనుకున్నారో. మూడో గడిలో తరువాత బయటపడితే నిజంగా ఏముందో. గెలిచిన హ్యాండ్‌లో రెండో గడీ మూడో గడీ కలవకపోతే అది అదృష్టంతో గెలిచినది, దాని పక్కన ఎర్ర సున్నా చుట్టండి. నెల తరువాత తిరగేస్తే ఒకే మనిషి పేరో, ఒకే కుర్చీయో, ఒకే రకం ముక్కలో పదేపదే కనిపిస్తాయి. వచ్చే నాలుగు శనివారాలూ దాని మీద ఒక్కదాని మీదే పని చేయండి.